లక్షన్నర కిలోమీటర్లు దాటిన డీజిల్ ఎస్‌యూవీ: సర్వీసు పెంచాలా, భాగాలు ముందే మార్చాలా, ఇంజిన్ విప్పించాలా, అమ్మేయాలా?

సూర్యాపేట దాటాక మా బావ బండి ఆగిపోయింది. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. కుటుంబమంతా విజయవాడలో పెళ్లికి బయలుదేరారు. దారిలో ఏసీ చల్లదనం తగ్గింది. ఉష్ణోగ్రత ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది కదా అని ఆయన ముందుకే నడిపారు. రేడియేటరు కింది రబ్బరు గొట్టం చీలి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) అంతా కారిపోయింది. నీళ్లలో మునిగి ఉండాల్సిన సెన్సరు ఖాళీ గొట్టంలో గాలిని కొలుస్తుంటే ముల్లు ఎలా లేస్తుంది? ఇంజిన్ పైకప్పు లాంటి హెడ్ వంగింది, దాని కింద బిగించే గాస్కెట్ పోయింది, రెండు సిలిండర్ల గోడలు గీసుకుపోయాయి. కొన్ని వందల రూపాయల గొట్టానికి బిల్లు లక్ష దాటింది.

నెల ముందే ఆ బండికి సర్వీసు జరిగింది. ఆ బిల్లు నేను చూశాను. లోపలి శుభ్రతకు, పాలిషింగ్‌కు, ఏసీ వెంట్లకు డబ్బు తీసుకున్నారు. గొట్టాలు చూసినట్టు ఎక్కడా లేదు.

అప్పటి నుంచి పాత డీజిల్ బండి ఉన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒక్కటే. ఈ ఇంజిన్లు వయసు వల్ల పోవడం అరుదు. ఆయిల్ అందకో, నీళ్లు అందకో, బెల్టు తెగో, మురికి డీజిల్ తాగో పోతాయి. కాబట్టి మీ దగ్గరున్న డబ్బు ముందుగా ఈ నాలుగింటికి వెళ్లాలి. చప్పుడు చేసే భాగాలు, కంటికి కనబడే భాగాలు ఆ తర్వాత.

మీ ముందున్న దారులు ఐదు: కంపెనీ పుస్తకం చెప్పినట్టే సాగిపోవడం, గడువులు తగ్గించి కాపలా పెంచడం, ప్రమాదకరమైన భాగాలన్నీ ఒకేసారి ముందే మార్చేయడం, ఇంజిన్ విప్పించడం, అమ్మేయడం. ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవడానికి ముందు కొన్ని కొలమానాలు పెట్టుకుందాం.

## కిలోమీటర్లను గంటల్లోకి మార్చండి

ఓడోమీటరు చక్రాల సంగతి చెబుతుంది, ఇంజిన్ సంగతి చెప్పదు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వైపు రోజూ వెళ్లే బండి సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుందాం. 1,50,000 కిలోమీటర్లకు దాని ఇంజిన్ 7,500 గంటలు నడిచింది. అదే దూరం జాతీయ రహదారి మీద సగటున 60 వేగంతో తిరిగిన బండి ఇంజిన్ నడిచింది 2,500 గంటలే. ఓడోమీటరు మీద ఒకే అంకె ఉన్నా, అరుగుదలలో మూడింతల తేడా. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడిన గంటల్లో ఆయిల్ కాగుతూనే ఉంటుంది, ఓడోమీటరు కదలదు.

మీ బండి ట్రిప్ కంప్యూటరులో సగటు వేగం కనబడితే మొత్తం కిలోమీటర్లను దానితో భాగించండి. 3,000 గంటల లోపు వచ్చిన బండినీ, 6,000 దాటిన బండినీ నేను ఒకే కళ్లతో చూడను. మొదటిది 1,80,000 తిరిగినా దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

రెండో కొలమానం ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది. ఏడాదిలో అమ్మబోయే బండికి, ఐదేళ్లు నడపబోయే బండికి ఒకే సలహా పనికిరాదు. మూడోది బండి ఈ రోజు పలికే ధరకూ, ఇంజిన్ పూర్తి పనికీ మధ్య నిష్పత్తి. ఇంజిన్ పనికి అయ్యే ఖర్చు బండి ధరలో సగానికి దగ్గరగా ఉంటే లెక్క మారిపోతుంది. మీ ఊళ్లో ఇద్దరు మెకానిక్‌లను అడిగి ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఇవి లేకుండా తీసుకునే నిర్ణయం భయం మీదో, బండి మీద ప్రేమ మీదో నడుస్తుంది.

నాలుగోది పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులను నడిపేది టైమింగ్ బెల్టు అవునా, చైను అవునా అన్నది. ఇది చాలామంది యజమానులకు తెలియదు. తెలియకపోవడం ఖరీదైన సంగతి. పాత ఇన్నోవా 2.5 డీజిల్, రెనో డస్టర్ 1.5 డీజిల్, టాటా హారియర్, జీప్ కంపాస్ డీజిల్ ఇంజిన్లకు బెల్టు ఉంటుంది. మహీంద్రా ఎంహాక్ 2.2, హ్యుందాయ్ క్రెటా 1.6 డీజిల్, ఇన్నోవా క్రిస్టా 2.4 ఇంజిన్లకు చైను. బెల్టు తెగే ముందు చెప్పదు. తెగిన క్షణంలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చైను సాధారణంగా చల్లటి స్టార్టు వేళ గరగరమని ముందే హెచ్చరిస్తుంది, కానీ ఆయిల్ మార్పులు ఆలస్యం చేసిన ఇంజిన్లలో అదీ సాగుతుంది. బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. తక్కువ తిరిగిన పాత బండిలో రబ్బరు వయసుతోనే చీలుతుంది.

## ఏ దారైనా సరే, ముందు పరీక్షలు

ఒక పూట పని, కొద్దిపాటి ఖర్చు. వీటిని చేయించకుండానే "ఇంజిన్ విప్పాలి" అని చెప్పే చోట బండి వదలకండి.

రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం మీరే స్టార్ట్ చేసి పొగ రంగు చూడండి. నీలం రంగు ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి వెళ్తున్నట్టు. నల్ల పొగ చాలాసార్లు గాలి, డీజిల్ కొలతల లోపం. దానికి ఇంజిన్ విప్పనవసరం లేదు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గాలి కొట్టడాన్ని మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొద్దిగా ఆవిరి రావడం పాత డీజిల్‌లో మామూలే. మూత ఎగిరిపడేలా, గుక్కగుక్కలుగా కొడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. అయితే క్రాంకు కేసు (ఇంజిన్ కింది భాగం) గాలి బయటకు పోయే గొట్టం మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది. అందుకే ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. కంప్రెషన్ గేజీ పెట్టి ప్రతి సిలిండరూ కొలిపించండి. డీజిల్ ఇంజిన్లలో అంకె తరచుగా 350 నుంచి 450 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, కచ్చితమైన హద్దు మీ మోడల్ పుస్తకంలో దొరుకుతుంది. నేను అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడాను ఎక్కువగా చూస్తాను. నాలుగూ సమానంగా కొద్దిగా తగ్గి ఉంటే ఆ ఇంజిన్ ఇంకా చాలా దూరం వెళ్తుంది. మూడు బాగుండి ఒకటి బాగా పడిపోతే అక్కడ నిర్దిష్టమైన జబ్బు ఉంది.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష తప్పనిసరి. నాలుగు సీసాల్లోకి వెనక్కి వచ్చే డీజిల్ పట్టి పోల్చుతారు. కామన్ రైల్ ఇంజిన్లలో (ఇంజెక్టర్లన్నింటికీ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందేవి) డీజిల్ 1,600 బార్, అంతకు మించిన ఒత్తిడితో ఇంజెక్టరుకు చేరుతుంది. ఒక ఇంజెక్టరు కారుతూ ఎక్కువ డీజిల్ పోస్తే సిలిండరు గోడల మీద ఆయిల్ పొర కడుక్కుపోతుంది. పిస్టన్ తల కరగడం దాకా కూడా వెళ్తుంది. పెద్ద ఇంజిన్ పనులు కొన్ని ఇలా చెడిన ఒక నాజిల్‌తోనే మొదలవుతాయి.

నాలుగోది కూలింగ్ వ్యవస్థకు గాలి ఒత్తిడి పెట్టి చూడటం. బయట కారకుండానే కూలెంట్ తగ్గుతుంటే ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌నూ హెడ్ గాస్కెట్‌నూ అనుమానించాలి. చివరిగా, తీసేసిన ఆయిల్ ఫిల్టరును కోయించి లోపలి కాగితం విప్పి చూడండి. దీనికి ఖర్చే లేదు. ఎండలో మెరిసే లోహపు పొట్టు కనబడితే బేరింగులు అరుగుతున్నాయి. మసి మాత్రమే ఉంటే భయం లేదు.

## మొదటి దారి: పుస్తకం ప్రకారమే

గంటలు తక్కువగా ఉండి, పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చి, సర్వీసు చరిత్ర పూర్తిగా చేతిలో ఉన్న బండికి ఇది చాలు. అయితే పుస్తకాన్ని మొత్తం చదవాలి. చాలా మాన్యువళ్లలో దుమ్ము, చిన్న చిన్న ప్రయాణాలు, ఎక్కువ బరువు, ఎక్కువసేపు నిలబడి నడపడం వంటి కఠిన పరిస్థితులకు వేరే పట్టిక ఉంటుంది, గడువులు అందులో తక్కువ. అనంతపురం ఎర్ర దుమ్ము, హైదరాబాద్ ట్రాఫిక్, మే నెల రామగుండం ఎండ కఠిన పరిస్థితులు కాకపోతే మరేవీ కావు. పదివేల కిలోమీటర్ల గడువు మన బండ్లలో అధిక శాతానికి వర్తించదని నా గట్టి అభిప్రాయం.

## రెండో దారి: గడువు తగ్గించి, కాపలా పెంచడం

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఆయిల్, ఫిల్టరు పదివేలకు బదులు ఐదు నుంచి ఏడు వేల మధ్య మార్చడం. డీజిల్ ఫిల్టరు గడువు కన్నా ముందే మార్చడం, దాని కింద నీళ్లు పేరుకునే గిన్నెను ప్రతి సర్వీసులో ఖాళీ చేయించడం. ఎయిర్ ఫిల్టరును గాలి కొట్టి మళ్లీ పెట్టకుండా మార్చడం, ఎందుకంటే గాలి కొట్టినప్పుడు కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడే ప్రమాదం ఉంది. కూలెంట్ రెండేళ్లకోసారి, డిస్టిల్డ్ నీళ్లతో కలిపి. మన బోరు నీళ్లలోని సున్నం రేడియేటరు సన్నటి గొట్టాలను పూడ్చేస్తుంది.

లెక్క ఇలా వేయండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే బండికి పదివేల గడువైతే ఒకటిన్నర ఆయిల్ మార్పులు, ఐదువేల గడువైతే మూడు. అదనం ఒకటిన్నర. ఆయిల్, ఫిల్టరు కలిపి 6,000 రూపాయలు అనుకుంటే ఏడాదికి 9,000 ఎక్కువ. ఇంజిన్ పని 2,00,000 అనుకుంటే, ఆ డబ్బుతో ఈ అదనపు జాగ్రత్త 22 ఏళ్లు కొనసాగించవచ్చు. మీ ఊరి ధరలతో ఈ లెక్క మళ్లీ వేసుకోండి. అంకెలు మారతాయి, మొగ్గు మాత్రం మారదు.

ఆయిల్ ఎంపికలో పొరపాటు వద్దు. బీఎస్6 కాలుష్య ప్రమాణంతో వచ్చిన బండ్లలో చాలావాటికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే వడపోత, ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే రకం ఆయిల్ కావాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ సీ3 వంటి ఆయిల్ ప్రమాణపు గుర్తు ఉంటే డబ్బా మీద అదే గుర్తు వెతకండి. పూర్తి సింథటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ గుణం ఉన్నట్టు కాదు. 2020 ఏప్రిల్‌కు ముందటి బీఎస్4 బండికి మాన్యువల్ చెప్పిన రకం చాలు. ఇంజిన్ అరిగిందని మెకానిక్ చిక్కటి ఆయిల్ పోస్తానంటే ఒప్పుకోకండి. అది చప్పుడును కప్పుతుంది, ఉదయం స్టార్టులో టర్బోకూ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) పై భాగాలకూ ఆయిల్ చేరడాన్ని ఆలస్యం చేస్తుంది.

కాపలా అంటే వారానికి రెండు నిమిషాలు. బండి చల్లగా, సమతలం మీద ఉన్నప్పుడు ఆయిల్ గేజీ, కూలెంట్ డబ్బా చూడటం. కూలెంట్ మట్టం పడిపోతే మోగే చిన్న అలారం బయట దొరుకుతుంది. మా బావ బండిలో అది ఉండి ఉంటే ఆ కథే వేరు. ఆయిల్ మట్టం తగ్గితే మనకు భయం పుడుతుంది, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. డీపీఎఫ్ ఉన్న బండిలో మట్టం పెరగడం అంటే మసి కాల్చే ప్రక్రియ మధ్యలో ఆగిపోతూ డీజిల్ చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెలోకి, దిగుతోందని. అప్పుడు ఆ నెలలోనే ఆయిల్ మార్చాలి, గడువు కోసం చూడకూడదు.

## మూడో దారి: ఒకేసారి పెద్ద పని

బెల్టు ఇంజిన్, చరిత్ర తెలియని సెకండ్ హ్యాండ్ బండి, ఐదేళ్లు ఉంచుకునే ఉద్దేశం. ఈ మూడింటిలో రెండు మీకు వర్తిస్తే రెండో దారితో పాటు ఇదీ కావాలి. చేయించాల్సినవి: టైమింగ్ బెల్టు, దాని టెన్షనరు, ఐడ్లరు, వాటితో పాటే వాటర్ పంపు, ఎందుకంటే చాలా ఇంజిన్లలో దాన్ని తీయాలంటే బెల్టు మళ్లీ విప్పాలి, కూలీ రెండుసార్లు పడుతుంది. రేడియేటరు పై గొట్టం, కింది గొట్టం, హీటరు గొట్టాలు, థర్మోస్టాట్, రేడియేటరు మూత. ఫ్యాన్ బెల్టు. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి గొట్టం. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. దాని బేరింగు బతుకంతా ఆ పెన్సిల్ మందం గొట్టంలో ఉంటుంది. గొట్టంలో మసి పేరుకుని ఆయిల్ ఆగితే కొత్త టర్బో పెట్టినా మళ్లీ పోతుంది.

ఇంజెక్టర్ల కింద ఉండే రాగి వాషర్లను చాలామంది మరచిపోతారు. అవి వదులైతే మండిన వాయువులు పక్కనుంచి లీకై తారులాంటి నల్లటి గడ్డ కడతాయి. టొయోటా 3.0 లీటర్ల 1కెడీ వంటి ఇంజిన్లలో ఆ మసి లోపలికే దిగి చాంబర్‌లోని ఆయిల్ జల్లెడను మూసేయడం ప్రపంచమంతటా మెకానిక్‌లు చూసిన జబ్బు. ఇంజెక్టర్లు ఎప్పుడు తీసినా వాషర్లు కొత్తవే వేయించండి. లక్షన్నర దాటాక ఒకసారి చాంబర్ దింపి జల్లెడ శుభ్రం చేయించడం నాకు ఎప్పుడూ దండగగా అనిపించలేదు. దాని బదులు సీసాల్లో అమ్మే ఫ్లష్ పోస్తామంటారు. ఏళ్లుగా ఆయిల్ సరిగా మార్చని ఇంజిన్‌లో అలా చేస్తే ఊడిన మడ్డి వెళ్లి అదే జల్లెడలో ఇరుక్కుంటుంది.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. వేడెక్కుతోందంటే దాన్ని తీసి పారేసే అలవాటు మన గ్యారేజీల్లో ఇంకా ఉంది. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరదు, డీజిల్ సరిగా మండదు, ఆయిల్ పలచబడుతుంది, డీపీఎఫ్ మసిని కాల్చుకోలేదు. వేడికి కారణం వేరే చోట ఉంటుంది, అది అలాగే మిగిలిపోతుంది.

ఫోర్డ్ ఎండీవర్ 2.2, 3.2 లీటర్ల యజమానులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆయిల్ తీశాక పది నిమిషాలకు మించి ఖాళీగా ఉంచకూడదు. అలా ఉంచితే పంపు గాలి పట్టి, స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎత్తలేకపోవచ్చు. బొట్టు బొట్టూ కారాలని గంటసేపు వదిలేసే మెకానిక్ మంచి మనసుతోనే చేస్తాడు, ఈ ఇంజిన్‌కు మాత్రం అది ప్రాణాంతకం. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి ఈ బండ్లు ఇప్పుడు బయటి గ్యారేజీలకు ఎక్కువగా వెళ్తున్నాయి. మీరే పక్కన నిలబడి కొత్త ఆయిల్ డబ్బాలు ముందే విప్పించి పెట్టండి.

## నాలుగో దారి: ఇంజిన్ విప్పించడం

పరీక్షల్లో రుజువు దొరికితేనే ఈ దారి. "రెండు లక్షలు తిరిగింది, ఒకసారి రింగులు వేయిద్దాం" అనే మాటతో బాగున్న ఇంజిన్‌ను విప్పించి, ఆ తర్వాత ప్రశాంతత కోల్పోయినవాళ్లు నాకు తెలుసు. ఫ్యాక్టరీలో కూర్చిన ఖచ్చితత్వం దుమ్ము షెడ్డులో మళ్లీ రావడం కష్టం.

తప్పనిసరి అయినప్పుడు మూడు రకాలు మీ ముందు పెడతారు. హాఫ్ ఇంజిన్ అంటే హెడ్ తీసి వాల్వు పని, రింగులు, బేరింగులు. బ్లాకు బండిలోనే ఉంటుంది. సిలిండర్ గోడలు బాగుండి, లోపం పైభాగానికే పరిమితమైతే ఇది చాలు. గోడలు గీసుకుపోయి ఉంటే హాఫ్ ఇంజిన్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా, ఏడాదిలో మళ్లీ విప్పాలి. ఫుల్ ఇంజిన్ అంటే దించి, సిలిండర్ల గోడలను చెక్కించి (బోరు) లేదా వాటిలో కొత్త గొట్టాలు (స్లీవులు) వేయించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి కూర్చడం. ఇక్కడ మెకానిక్ కన్నా లేతు షాపు ముఖ్యం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దశాబ్దాలుగా ఇదే పని చేసే చేతులున్నాయి. బోరు కొలతలు, క్రాంకు కొలతలు కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. ఇవ్వగలిగిన షాపే మంచి షాపు. ఆయిల్ పంపు, ఆయిల్ కూలర్, టర్బో శుభ్రం చేయకుండా కొత్త బేరింగుల మీద పెడితే పాత లోహపు పొట్టు వచ్చి వాటిని తినేస్తుంది. ఈ అంశాన్ని ముందే మాట్లాడుకోండి.

మూడోది సెకండ్ హ్యాండ్ ఇంజిన్. వేగంగా అవుతుంది, చవక. కానీ దాని గతం ఎవరికీ తెలియదు. నడుస్తున్న స్థితిలో చూసి, కంప్రెషన్ కొలిచి, కొనుగోలు బిల్లు తీసుకున్నాకే దించండి. ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో నమోదు చేయించాలి. లేకపోతే బీమా క్లెయిము రోజూ, అమ్మే రోజూ చిక్కు తప్పదు.

## ఐదో దారి: అమ్మేయడం

ఇంజిన్ పని ఖర్చు బండి ధరలో సగం దాటి, మీరు రెండేళ్లకు మించి ఉంచుకోని పక్షంలో అమ్మడమే సరైనది. లోపం చెప్పి, ధర తగ్గించి అమ్మండి. ఇంజిన్ పోయే దశలో ఉందని తెలిసి చిక్కటి ఆయిల్ పోసి ఒక కుటుంబానికి అంటగట్టడం తప్పు. వాళ్లు ఆ బండిలో పిల్లలతో రాత్రి ప్రయాణం చేస్తారు.

ఢిల్లీ ప్రాంతంలోని పదేళ్ల డీజిల్ నిబంధన మన రెండు రాష్ట్రాల్లో లేదు. ఇక్కడ సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూసి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. అందుకే అక్కడి పాత డీజిల్ బండ్లు చవకగా ఇక్కడికి వస్తుంటాయి. మీ బండి అమ్మి అలాంటిది కొనే ఆలోచన ఉంటే ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: మీకు తెలిసిన లోపాలున్న బండిని ఇచ్చి, తెలియని లోపాలున్న బండిని తెచ్చుకుంటున్నారా?

| దారి | ఎవరికి సరిపోతుంది | దేన్ని ఆపుతుంది | దేన్ని ఆపదు |
|---|---|---|---|
| పుస్తకం ప్రకారం | గంటలు తక్కువ, పూర్తి చరిత్ర, రహదారి ప్రయాణం | మామూలు అరుగుదల | గొట్టాలు, వాషర్ల వంటి వయసు లోపాలు |
| గడువు తగ్గించి కాపలా | దాదాపు అందరికీ | ఆయిల్ మడ్డి, టర్బో, పంపు నష్టం | బెల్టు తెగడం |
| ఒకేసారి పెద్ద పని | బెల్టు ఇంజిన్, తెలియని చరిత్ర, దీర్ఘకాల వాడకం | బెల్టు, వేడెక్కడం, ఆయిల్ జల్లెడ మూసుకుపోవడం | ఇప్పటికే అరిగిన రింగులు |
| ఇంజిన్ విప్పడం | పరీక్షల్లో రుజువైన లోపం | కంప్రెషన్ లోపం, బేరింగులు | చెడ్డ పనితనం, పాత టర్బో, పాత పంపు |
| అమ్మడం | పని ఖర్చు ధరలో సగం పైన, రెండేళ్ల లోపు వాడకం | రాబోయే బిల్లు | కొత్తగా కొనే బండి తెలియని గతం |

## కంపెనీ వర్క్‌షాపా, తెలిసిన మెకానికా?

రెండూ కావాలి, కానీ వేర్వేరు పనులకు. స్కానింగ్, ఇంజెక్టర్ కోడింగ్, డీపీఎఫ్ పనులకు కంపెనీ వర్క్‌షాపులో పరికరాలుంటాయి. గొట్టాలు, బెల్టు, చాంబర్ పనులకు మీ మోడల్‌ను తరచుగా విప్పే, మిమ్మల్ని పక్కన నిలబడనిచ్చే మెకానిక్ మేలు. ఎక్కడైనా మార్చిన పాత భాగాలు చేతికి తీసుకోండి. కంపెనీ పరిష్కారం ఖరీదని డీపీఎఫ్‌ను కోసేసే గ్యారేజీకి మాత్రం వెళ్లకండి. అది చట్టవిరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

నగరంలో ఆఫీసుకు వెళ్లేవారు. డీపీఎఫ్ ఉన్న బండి, రోజుకు పది పదిహేను కిలోమీటర్లు. డీజిల్ ఇంజిన్‌కు ఇంతకన్నా హాని చేసే జీవితం లేదు. రెండో దారి తప్పదు. దానితో పాటు వారానికోసారి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అరగంట నిలకడైన వేగంతో నడపండి. డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు ఇంటికి చేరాం కదా అని ఆపేయకండి. ఇంకో ఐదేళ్లు ఇదే తిరుగుడు అయితే అమ్మి పెట్రోలు బండికి మారడం గురించి నిజంగా ఆలోచించాలి.

పొడవైన ప్రయాణాలు, ఘాట్ రోడ్లు. శ్రీశైలం ఘాట్, అరకు దారి నిండు బరువుతో ఎక్కే బండికి కూలింగ్ వ్యవస్థే ప్రాణం. మూడో దారిలోని గొట్టాలు, వాటర్ పంపు, థర్మోస్టాట్ వేసవికి ముందే చేయించండి. పైకి చేరగానే ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం నడవనివ్వండి, టర్బో వేడి దిగుతుంది.

టర్బో సీలు పోయి ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా రొద పెట్టే ప్రమాదం అరుదుగా వస్తుంది. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు గట్టిగా నొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఆర్పేయాలి. ఆగకపోతే బండి దిగి దూరంగా వెళ్లండి.

ట్యాక్సీ నడిపేవారు. మీ గంటలే మీ లెక్క. నెలకు ఐదారు వేల కిలోమీటర్లు తిరిగితే ప్రతి నెలా ఆయిల్ అనుకోండి. ప్రతి కిలోమీటరు మీద ఒక రూపాయి వేరే ఖాతాలో వేయండి. లక్ష కిలోమీటర్లకు లక్ష రూపాయలు చేరతాయి, ఇంజెక్టర్లు వచ్చినా టర్బో వచ్చినా అప్పు చేయనవసరం ఉండదు. డీజిల్ ఎప్పుడూ రద్దీగా ఉండే ఒకే బంకులో కొట్టించి రసీదు దాచండి.

లోతట్టు కాలనీల్లో ఉండేవారు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలు గుర్తుండే ఉంటాయి. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసి చూద్దామనుకోవడంతోనే ఇంజిన్లు పోయాయి. సిలిండర్లో చేరిన నీళ్లు కుంచించుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాళం తిప్పకండి, బ్యాటరీ తీయించి లారీ మీద తరలించండి. మామూలు సమగ్ర బీమా ఈ నష్టాన్ని సాధారణంగా కప్పదు, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవర్ కావాలి. బండి వయసు పెరిగే కొద్దీ ఆ కవర్ దొరకడం కష్టమవుతుంది. ఇస్తున్నంత కాలం వదులుకోకండి.

విదేశాల్లో ఉండి, ఊళ్లో బండి వదిలినవారు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని ఈ బండ్లు కొత్తవాటిలా మెరుస్తాయి. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజున మొరాయిస్తాయి. కిలోమీటర్లు మరచిపోయి క్యాలెండరు చూడండి. ఆయిల్ ఏడాదికోసారి, కూలెంట్ రెండేళ్లకోసారి, బెల్టు ఏళ్ల గడువు ప్రకారం. ట్యాంకు సగం ఖాళీగా వదిలితే లోపలి తేమ డీజిల్‌లోకి దిగుతుంది కాబట్టి నింపి పెట్టమనండి. పది రోజులకోసారి ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు కన్నా కీడే ఎక్కువ. అరగంట రోడ్డు మీద తిప్పమని నమ్మకమైన డ్రైవరుకు డబ్బు పంపండి. బయలుదేరే ముందు బానెట్ ఎత్తి ఎలుకలు కొరికిన వైర్లు, గొట్టాలు ఉన్నాయేమో చూసి ఫొటో పంపమని కూడా చెప్పండి.